ఎదుటి షాపు బోణీ

ఆ వేసవిలో మా వీధిని తవ్వేశారు. ‘ఎంతమ్మా, పదిహేను రోజులు. పైపులేసి పూడ్చేస్తాం’ అని చెప్పిన మనిషి మళ్ళీ కనిపించింది వానలు మొదలయ్యాకే. పొద్దున్నే పచ్చ యంత్రం ఒకటి వచ్చి, వీధి మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరిదాకా గొయ్యి తీసి, మట్టంతా మా వైపు పోసింది. అటువైపు షాపులకి గొయ్యి ఒక్కటే. మా వైపు షాపులకి గొయ్యీ, గుట్టా రెండూ. అదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా ఆయనది కటింగ్ షాపు. ఒక కుర్చీ, ముందొక అద్దం, వెనకొక అద్దం, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బెంచీ. అంతే మా ఆస్తి. గోడలు మాత్రం ఓనరువి. సరిగ్గా ఎదురుగా, గొయ్యికి అవతల, ఇంకో కటింగ్ షాపుంది. దాని యజమానిని వీధంతా రేడియో అని పిలుస్తారు. షట్టరెత్తగానే ఆ షాపులో రేడియో మొదలవుతుంది, దించేదాకా ఆగదు. ఆయన నోరూ అంతే. మా ఆయన చేత నాలుగు మాటలు పలికించాలంటే చేతిలో కత్తెర లాక్కోవాలి. ఇద్దరిదీ ఒకటే పని, ఎదురెదురు షాపులు, అయినా ఒకర్నొకరు ‘బావా’ అని పిలుచుకుంటారు. చుట్టరికం ఏమీ లేదు. మా ఆయనకి బావ కాబట్టి నాకు అన్నయ్య, మా అమ్మాయికి మామయ్య అయిపోయాడు.

గొయ్యి తీశాక మా షాపుకి మనుషులు రావడం మానేశారు. ఒక చెక్క వంతెన వేశారు గానీ అది ఎక్కగానే ఊగుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్ళు, చెప్పులు కొత్తవి వేసుకున్నవాళ్ళు, ఇస్త్రీ బట్టలవాళ్ళు అటు నుంచే వెనక్కి తిరిగేవాళ్ళు. ఆదివారమంటే మా ఆయనకి ఊపిరాడని రోజు. అలాంటిది ఆదివారాలు కూడా బెంచీ మీద ఈగలే కూర్చున్నాయి.

నాకు హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పని, పొద్దుటి షిఫ్టు. మధ్యాహ్నం దిగి, ఇంటికెళ్ళి, క్యారేజీ పట్టుకుని షాపుకి వెళ్ళేదాన్ని. అలా వెళ్ళినప్పుడే ఒకరోజు ఓనరు వచ్చాడు. గుట్టెక్కి దిగి, చెప్పుల్లో మట్టి మా గుమ్మంలోనే దులిపి, నిలబడే మాట్లాడాడు.

“చూడు బాబూ, నీతో నాకు పేచీ లేదు. కానీ మందుల షాపాయన ఈ చోటు కావాలని రోజూ ఫోన్ చేస్తున్నాడు. గొయ్యున్నా గుట్టున్నా నాకు ఒకటో తారీఖున అద్దె పడాలి. ఒక్క నెల ఆగినా ఆయనకిచ్చేస్తా. తర్వాత నన్ననకు.”

“పడుతుందండీ,” అన్నాడు మా ఆయన.

ఎక్కణ్ణుంచి పడుతుందో! ఆకాశం నుంచి వాన కూడా పడని రోజులవి. షాపు పోతే ఆయన ఇంకొకరి షాపులో, ఇంకొకరి కుర్చీ వెనక కూలికి నిలబడాలి. ఆ మాట ఆయన పైకి అనలేదు. క్యారేజీ మూత తీసి, మళ్ళీ పెట్టేసి, ఖాళీ కుర్చీని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. అప్పుడే అనుకున్నాను, ఈ షాపు పోనివ్వకూడదని.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నేనే మంత్రినయ్యాను. నా జీతం తిండికీ, స్కూలుకీ సరిపోతుంది. అద్దెకి తగ్గేదంతా చిన్న చిన్న ఖర్చుల్లోంచే లాగాలి.

“మంచం ఉన్నంతే కాళ్ళు చాపుకోవాలి. ఈ రోజు నుంచి అందరూ తలా ఒకటి మానెయ్యాలి,” అన్నాను. “ముందు నాది. లాండ్రీ గేటు దగ్గర టీ బంద్. ఇంటికి బస్సు బంద్, నడిచే వస్తాను.”

మా అమ్మాయిని ఇంట్లో లాయరమ్మ అంటాం. పన్నెండేళ్ళకే ప్రతిదానికీ సాక్ష్యం అడుగుతుంది. స్కూలు గేటు దగ్గర ఐస్ మానేస్తానని, కాకపోతే ఎండలు తగ్గాక బకాయితో సహా ఇప్పించాలని ఒప్పందం చేసుకుంది. ఇక మా అత్తయ్య. ఆవిడకి రోజూ పిప్పరమెంట్లు కావాలి.

“నా పిప్పరమెంట్లు ఆపితే నాకు దగ్గొస్తుంది. దగ్గొస్తే మందు కొనాలి. మందు ఖరీదు కనుక్కున్నావా?” అంది.

“లవంగం వేసుకోండి అత్తయ్యా.”

“లవంగం ఊరికే వస్తోందేమిటి?”

“ఇంట్లో ఉందిగా!”

“సరే తల్లీ. మంత్రిగారి ఉత్తర్వు, కాదనడానికి మనమెంత!” అని, మిగిలిన పిప్పరమెంట్ల పొట్లం నా ముందు పెట్టింది. దాచుకోవచ్చు కదా, దాచుకోలేదు. ఆవిడ నన్ను ఎన్నిసార్లు సాధించినా, ఆ పొట్లం తలుచుకుంటే అవన్నీ మర్చిపోతాను.

“మీరేం మానేస్తారు?” అని ఆయన్ని అడిగాను.

ఆయన ఆలోచించాడు. “షాపులో పేపరు.”

“వద్దు. వచ్చే ఒకరిద్దరూ పేపరు కోసమైనా కూర్చుంటారు.”

“నాన్నకి కటింగ్ ఖర్చుంది కదా!” అంది లాయరమ్మ.

“కటింగ్ షాపాయనకి కటింగ్ ఖర్చేమిటే?”

“తన తల తనే చేసుకోలేడుగా. ప్రతి ఒకటో తారీఖు పొద్దున్నే రేడియో మామయ్య దగ్గరికెళ్తాడు. డబ్బులిస్తాడు. నేను చూశాను. సాక్ష్యం నేనే.”

పెళ్ళయి అన్నేళ్ళయినా ఆయన జుట్టు ఎవరు కత్తిరిస్తున్నారో నేనెప్పుడూ ఆలోచించలేదు. వంట చేసేవాడు ఎక్కడ తింటున్నాడని ఎవరు మాత్రం అడుగుతారు?

“బావా బావా అంటూనే డబ్బులు తీసుకుంటాడా ఆయన?”

“అది ఖర్చు కాదే,” అన్నాడు మా ఆయన.

“జేబులోంచి తీసి ఇంకొకరి చేతిలో పెడితే దాన్నేమంటారు మరి?”

ఆయన ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అంటే ఇక మాట రాదని.

“అయితే ఈ ఒకటో తారీఖు నుంచి మీ కటింగ్ నేనే చేస్తాను,” అన్నాను. మా అత్తయ్య అప్పుడే మొదటిసారి దగ్గింది.

అన్నట్టే చేశాను. ఆ నెల అద్దె ఉన్నదంతా ఊడ్చి కట్టేసిన ఆదివారం, పెరట్లో స్టూలు వేసి, పాత దుప్పటి ఆయన మెడకి చుట్టాను. రోజూ దుప్పట్ల అంచులు కలిపి గీత గీసినట్టు మడత వేసేదాన్ని, నాలుగు వెంట్రుకలు ఒక లెక్కా అనుకున్నాను. ఆయన షాపు కత్తెర నా చేతిలో పెట్టి, “గట్టిగా నొక్కకు. పని అదే చేస్తుంది, నువ్వు పట్టుకుంటే చాలు,” అన్నాడు. 

అదేం చేసిందో గానీ, రెండు పిల్లులకి రొట్టె పంచిన కోతి పని అయింది నాది. కుడివైపు కాస్త ఎక్కువ తెగింది. సరే సమం చేద్దామని ఎడమవైపు కత్తిరిస్తే అది ఇంకాస్త తెగింది. మళ్ళీ కుడి. మళ్ళీ ఎడమ. వెనక ఏమైందో నేను చెప్పను.

“కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. ఆపవే తల్లీ, వాడికి చెవులైనా మిగల్చు!” అని మా అత్తయ్య అరుగు మీద నుంచి కేకలు.

“నాన్నా, నీ తల మీద చీమలు మెట్లెక్కినట్టు ఎక్కి పోవచ్చు,” అని లాయరమ్మ.

ఆయన అద్దం అడిగాడు. చాలాసేపు చూసుకున్నాడు, ఎవరో దారిన పోయే మనిషి తలని చూసినట్టు. ఆ తర్వాత నవ్వాడు. “బాగానే ఉందిలే. వేసవి కదా, చల్లగా ఉంటుంది,” అన్నాడు. కాసేపాగి, “ఇంట్లో టోపీ ఏమైనా ఉందా?” అని అడిగాడు. ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు నన్ను. తిట్టే మొగుడైతే ఎదురు తిట్టి మనసు తేలిక చేసుకోవచ్చు. తిట్టని మొగుడితో అదే కష్టం.

ఆ ఎండల్లో ఆయన టోపీ పెట్టుకుని కటింగ్ చేయడం మొదలుపెట్టాడు. రెండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను క్యారేజీ తీసుకెళ్ళేసరికి డ్రిల్లు మాస్టారు గుట్ట దిగి వస్తున్నాడు. ఆయన మాకు పాత గిరాకీ, తల వెనక గీత కొంచెం వంకరపోయినా ఊరుకోడు. రాక రాక వచ్చిన మనిషి కదా, నేనే పరిగెత్తి బెంచీ తుడిచాను. మా ఆయన ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గుడ్డ దులిపి, నుదుటి చెమట తుడుచుకోవడానికి అలవాటుగా టోపీ తీశాడు.

మాస్టారు అద్దంలో చూశాడు.

“ఎవరయ్యా ఈ పని చేసింది?”

“ఇంట్లోనేనండీ,” అన్నాడు మా ఆయన.

“ఓహో,” అన్నాడు మాస్టారు. ఇంకో నిమిషం కూర్చున్నాడు. “అన్నట్టు బజార్లో చిన్న పనుంది. చూసుకుని వచ్చేస్తా,” అంటూ లేచాడు. గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. గుట్టెక్కాడు, వంతెన దాటాడు, సరాసరి రేడియో షాపులోకి దూరాడు.

మా ఆయన గుడ్డ మళ్ళీ మడతపెట్టి కుర్చీ మీద వేశాడు. “అన్నం పెట్టు,” అన్నాడు.

అన్నం సంగతి తర్వాత, నాకు ఒళ్ళు మండింది. బావట, బావ! గొయ్యి అడ్డం పెట్టుకుని మా గిరాకీనంతా ఆయనే మింగుతున్నాడన్నమాట. క్యారేజీ అక్కడే పెట్టి బయల్దేరాను. ఆ వంతెన నేనెప్పుడూ ఎక్కలేదు, చుట్టూ తిరిగి వచ్చేదాన్ని. కోపంలో సగం దాకా నడిచాక కిందికి చూశాను. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. గొయ్యిలో పని చేస్తున్న ఒకతను, తల నిండా మట్టి, కిందనుంచి చెక్కని రెండు చేతులతో పట్టుకుని, “ఊగదులే అక్కా, మెల్లగా పో,” అన్నాడు. పోయాను.

నేను వెళ్ళేసరికి రేడియో షాపులో డ్రిల్లు మాస్టారు లేడు. కుర్చీ ఖాళీగా ఉంది.

“రా చెల్లెమ్మా! ఇన్నాళ్ళకి మా షాపు కనిపించిందా? కూర్చో, నీళ్ళు తాగు.”

“మా గిరాకీని లాక్కుంటూ చెల్లెమ్మా అని ఎలా అంటున్నావు అన్నయ్యా?”

“నేను లాక్కున్నానా! ఎవర్ని?”

“మాస్టారిని. నా కళ్ళతో చూశాను.”

“వచ్చాడు. కూర్చున్నాడు కూడా. నువ్వు మా బావ గిరాకీవి, అటే పో అన్నాను. విసుక్కుని ఇంటికెళ్ళిపోయాడు. ఆయనొక్కడేనా? గొయ్యి తీసినప్పటి నుంచీ అటువాళ్ళు వస్తూనే ఉన్నారు. ఒక్కడి తల ముట్టుకుంటే ఒట్టు. కావాలంటే ఈ బెంచీనడుగు.”

అప్పుడు చూశాను ఆయన్ని సరిగ్గా. జుట్టు చెవుల మీద పడుతోంది, వెనక చొక్కా కాలరు కనిపించడం లేదు. కటింగ్ షాపులో నిలబడిన మనిషేనా అనిపించింది.

“నీ జుట్టేంటన్నయ్యా, ఇలా పెరిగిపోయింది?”

రేడియో మాట్లాడకుండా ఉండటం నేను అప్పుడే చూశాను. దువ్వెన తీసి, మళ్ళీ పెట్టి, అప్పుడన్నాడు. “మీ ఆయన వద్దన్నాడు. ఒకటో తారీఖున వచ్చి గుమ్మంలోనే నిలబడి ‘ఈ నెల వద్దులే బావా’ అని తిరిగిపోయాడు. ఎందుకో చెప్పలేదు. ఆయన నోట్లోంచి ఎందుకో అన్నది ఎప్పుడొచ్చింది గనక! గిరాకీ ఇటు వస్తోందని నా మీద అలిగాడనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు?”

“అలగలేదన్నయ్యా. నేనే మానిపించాను. ఇంట్లో ఖర్చు తగ్గిద్దామని.”

“ఖర్చా?” అని నావైపు వింతగా చూశాడు. “ఆయన నాకిస్తాడు. ఆ వెంటనే నేను మీ షాపుకొచ్చి కూర్చుని ఆయనకిస్తాను. చాలాసార్లు అదే నోటు తిరిగి అటే పోతుంది. ఇందులో ఖర్చెక్కడుందమ్మా?”

నేను బెంచీ మీద కూలబడ్డాను. పోయే నోటుకి మా లాయరమ్మ సాక్ష్యం ఉంది. వచ్చే నోటు షాపు సొరుగులో పడేది, దానికి సాక్షి లేదు.

“అలాంటప్పుడు ఒకరికొకరు ఊరికే చేసుకోవచ్చుగా?”

“షాపులు తెరిచిన రోజు మధ్యాహ్నం దాకా ఇద్దరికీ ఒక్క పురుగు రాలేదు. ఇటు గుమ్మంలో నేను, అటు గుమ్మంలో ఆయన, ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం. అంతకుముందు ఒకరికొకరం తెలియదు కూడా. అప్పుడు మీ ఆయనే రోడ్డు దాటి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. ‘బోణీ చేస్తాను’ అన్నాడు. డబ్బిచ్చి వెళ్ళాడు. నేను ఊరుకుంటానా? వెనకే వెళ్ళి ఆయనకి నేను బోణీ చేశాను. అప్పటి నుంచి ప్రతి ఒకటో తారీఖూ ఇద్దరికీ అదే బోణీ. ఊరికే చేయించుకుంటే అది బోణీ అవుతుందా?”

“మరి ఇంకో వీధిలో చేయించుకోకపోయావా?”

“నా తలకి ఇంకొకడి చెయ్యా!” అన్నాడు, నేనేదో అనకూడని మాట అన్నట్టు.

నాకు ఏడుపొచ్చింది. దెబ్బలాడ్డానికి వచ్చి ఏడుస్తున్నానేమిటని సిగ్గేసింది గానీ ఆగలేదు. గొయ్యికి అవతల ఈ మనిషి ఇన్ని రోజులు మాకోసం గిరాకీని వెనక్కి పంపుతూ, జుట్టు పెంచుకుని కూర్చున్నాడు. మేమేమో పిప్పరమెంట్లు లెక్కపెట్టుకుంటున్నాం.

“ఏడవకు, ఏడవకు. ఇంతకీ మా బావకి ఎవరు చేశారు? ఇటు నుంచి టోపీయే కనిపిస్తోంది.”

“నేనే అన్నయ్యా.”

“అబ్బో,” అన్నాడు. కత్తెర్ల సంచీ చంకలో పెట్టుకుని, చెయ్యి చాచి రేడియో కట్టేశాడు.

పట్టపగలు ఆ రేడియో ఆగడం ఎవరూ ఎరగరు. బ్రెడ్డు షాపావిడ బయటికి వచ్చి చూసింది. గొయ్యిలోంచి ఎవరో “కరెంటు పోయిందా?” అన్నారు. ముందు ఆయన, వెనక నేను, వంతెన దాటి వచ్చాం. మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, అన్నం తినలేదు. రేడియో ఆయన తల మీది టోపీ తీశాడు. చుట్టూ తిరిగి చూశాడు.

“ఎవరి మీద కోపం చెల్లెమ్మా ఇది?”

మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. రేడియో కూడా. ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

“ముందు నాది,” అని రేడియో మా కుర్చీలో కూర్చున్నాడు.

మా ఆయన పని చేస్తుంటే నేను నిలబడి చూసింది అదే మొదటిసారి. అస్తమానం వచ్చి క్యారేజీ ఇచ్చి పోవడమే తప్ప ఎప్పుడు చూశాను గనక! కత్తెర చప్పుడు ఎక్కడా తడబడలేదు. ఎడం చేత్తో తల కొంచెం వంచడం, దువ్వెనతో జుట్టు లేపడం, మళ్ళీ దూరం జరిగి చూడటం. జుట్టు కుప్పగా రాలి, లోపలి నుంచి మన పాత రేడియో బయటికొచ్చాడు. అప్పటికి గుట్ట మీద పదిమంది చేరారు. ఆ తర్వాత మా ఆయన కూర్చున్నాడు. “మెట్లన్నీ కూలగొట్టి కొత్తగా కట్టాలి,” అని రేడియో, ఆయన తలంతా పొట్టిగా, ఒకే ఎత్తున దించేశాడు. చక్కగా కుదిరింది. మా ఆయనకి వయసు కూడా తగ్గింది.

రేడియో జేబులోంచి నోటు తీసి ఇచ్చాడు. మా ఆయన దాన్ని చేతిలో పట్టుకుని నావైపు చూశాడు.

“ఇవ్వండి,” అన్నాను.

అదే నోటు తిరిగి రేడియో జేబులోకి పోయింది. స్కూలు నుంచి అప్పుడే వచ్చిన లాయరమ్మ గుమ్మంలో నిలబడి, “అయితే మొత్తం ఖర్చెంతమ్మా?” అంది. “నోరు ముయ్యవే,” అన్నాను. గుట్ట మీద అందరూ నవ్వారు.

ఆ నవ్వుల్లోంచే ఒక గొంతు. “అన్నా, ఇక్కడింకో తలుంది. కత్తెర పడుతుందా?”

ఎవరా అని చూస్తే, నాకు వంతెన పట్టుకున్నతను. జుట్టు ఏ రంగో తెలియనంత మట్టి.

“మా దగ్గర కత్తెర పడని తల లేదు. కడుక్కుని రా,” అన్నాడు మా ఆయన. ఒక్కసారే అన్ని మాటలు!

ఇన్ని రోజులూ గొయ్యి మా గిరాకీని మింగేసిందని తిట్టుకున్నాను. ఆ గొయ్యి నిండా మనుషులున్నారని, వాళ్ళకీ తలలున్నాయని మాలో ఒక్కరికీ తట్టలేదు. దుమ్ము బట్టలతో లోపలికి రానిస్తారో లేదో అని వాళ్ళూ అడగలేదట. మర్నాటి నుంచి పని దిగగానే వచ్చేవాళ్ళు. బెంచీ చాలక గుట్ట మీద కూర్చుని వంతు కోసం చూసేవాళ్ళు. వాళ్ళ మేస్త్రీ వచ్చాడు, యంత్రం నడిపేవాడు వచ్చాడు. రెండు రోజులు పోయాక డ్రిల్లు మాస్టారు కూడా వచ్చి, మా ఆయన తల తేరిపార చూసి, మారు మాట్లాడకుండా కూర్చున్నాడు.

ఒకటో తారీఖున ఓనరు వచ్చేసరికి లోపల చోటు లేదు. అద్దె తీసుకోవడానికి ఆయనే బెంచీ చివర కూర్చుని, మేస్త్రీ గడ్డం అయ్యేదాకా ఆగాల్సొచ్చింది. డబ్బు జేబులో పెట్టుకుంటూ, “మందుల షాపాయనకి వేరే చోటు చూసుకోమని చెప్తాలే,” అన్నాడు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. మా గోడ కాదు అది, అయినా పట్టుకున్నాను.

ఆ సాయంత్రం నేను మొట్టమొదట కొన్నది పిప్పరమెంట్లు. మా అత్తయ్య ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. “లవంగానికి దగ్గు తగ్గింది నిజమే. అయినా దీని దారి దీనిది,” అంది. లాయరమ్మ తన ఐస్ బకాయి మొత్తం వసూలు చేసుకుంది. నాకు టీ తిరిగొచ్చింది. బస్సు మాత్రం మళ్ళీ ఎక్కలేదు, నడక అలవాటైపోయింది.

ఇప్పుడా వీధిలో గొయ్యి ఎక్కడుండేదో చెప్పినా ఎవరూ నమ్మరు. షాపు ఇంకా అక్కడే ఉంది, అదే కుర్చీ, అవే అద్దాలు. ఆ వేసవి తలుచుకుంటే నాకు కష్టం గుర్తురాదు. ఆ పొట్లం ముందుకి తోసిన మా అత్తయ్య, చెక్క పట్టుకున్న ఆ మట్టి చేతులు, పెరిగిన జుట్టుతో గుమ్మంలో నిలబడ్డ మా అన్నయ్య గుర్తొస్తారు. వాళ్ళ రుణం తీరేది కాదు, తీర్చాలని కూడా లేదు.

రేడియోకి ఇప్పుడు జుట్టు లేదు. చెవుల పక్కన నాలుగు వెంట్రుకలున్నాయి, మిగతాదంతా నున్నగా మెరుస్తూ ఉంటుంది. అయినా ప్రతి ఒకటో తారీఖు పొద్దున్నే రోడ్డు దాటి వచ్చి మా కుర్చీలో కూర్చుంటాడు. మా ఆయన గుడ్డ కట్టి, నీళ్ళు చల్లి, దువ్వెనా కత్తెరా తీసుకుని, అంతకుముందు ఎంతసేపు చేసేవాడో అంతసేపూ చేస్తాడు. ఇచ్చేది కూడా పూర్తి డబ్బే.

మొన్న ఒకటో తారీఖున నేను ఉండబట్టలేక అన్నాను. “అన్నయ్యా, నాలుగు వెంట్రుకలకి ఇంత ఎందుకు? సగం ఇస్తే చాలదూ?”

“అమ్మా తల్లీ,” అని రెండు చేతులూ గుడ్డ కింద నుంచి తీసి దణ్ణం పెట్టాడు. “నువ్వు మళ్ళీ ఖర్చులు తగ్గించకు!”

“తల కొంచెం వంచు బావా,” అన్నాడు మా ఆయన. అని, ఆ నున్నటి తల మీద గాలిని ఎంతో శ్రద్ధగా కత్తిరించాడు.